యాభై అడుగుల బావ

మా బావ మిలిటరీలో పద్దెనిమిదేళ్లు లారీ తోలాడు. ఒక పక్క కొండ, మరో పక్క లోయ, మధ్యలో బండి పట్టీ పట్టనంత దారి. మలుపుల్లో ఒక చక్రం గాలిలో తిరిగేదని ఆయన చెబితే, వీధిలో నేను దాన్ని రెండు చక్రాలు చేశాను. తొమ్మిదో తరగతిలోనే చదువుకు దండం పెట్టినవాణ్ణి, కూడికలే తప్ప తీసివేతలు వంటబట్టలేదు.

ఆయన సర్వీసు ముగించుకుని వచ్చి, లారీల షెడ్డులో మెకానిక్‌గా కుదిరిన ఏడాది సంగతి ఇది. ఇరవై ఏళ్లయినా ఆ సాయంత్రాలు నా కళ్లముందే ఉన్నాయి. ఇంట్లో ఉన్నంతసేపూ మనిషి బంగారం. కూతురికి జడలు వేసి, రెండూ సమానంగా వచ్చాయో లేదో స్కేలు పెట్టి చూసేవాడు. గుమ్మం దాటితే మాత్రం వరస మారిపోయేది. అక్క పిల్ల చెయ్యి పట్టుకుని ముందు నడిస్తే, ఆయన యాభై అడుగులు వెనక నడిచేవాడు. అక్క ఆగితే ఆగేవాడు, కదిలితే కదిలేవాడు. నేను స్వయంగా కొలిచాను, ఒక్క అడుగు తేడా ఉండేది కాదు. వీధి చివరి దర్జీ ఆయనకు ‘యాభై అడుగుల బావ’ అని పేరు పెట్టాడు. పెళ్లామంటే హడలని ఒకరు, అక్కకు కాస్త ఒళ్లొచ్చింది గనక సిగ్గని ఇంకొకరు. నవ్వినవాళ్లలో ముందు వరస నాదే, దాచను.

అక్క వెనక్కి తిరిగి రమ్మని చెయ్యి ఊపేది. ఆయన కదలకుండా అక్కణ్ణుంచే చెయ్యి ఊపేవాడు. ఒకరోజు పిల్ల అడిగింది.

“అమ్మా, నాన్నకి మనమంటే నామోషీనా?”

ఇక ఆయనతో గడప దాటనని అక్క నాతో చెప్పింది. గొంతులో కోపం లేదు. పక్కింటి గోడ బీటలిచ్చేలా మాట్లాడే మా అక్క అంత నెమ్మదిగా మాట్లాడేసరికి నాకు గుబులు పుట్టింది.

షెడ్డుకు పోయాను. బావ లారీ కింద ఉన్నాడు, బయటికి కాళ్లే కనిపిస్తున్నాయి. పిల్ల అడిగిన మాట ఆ కాళ్లకే చెప్పాను. స్పానర్ చప్పుడు ఆగిపోయింది. కింద నుంచే మాట్లాడాడు. బండ్లన్నీ వరసగా పోయేటప్పుడు బండికీ బండికీ యాభై అడుగులు ఉండాలని పైవాళ్ల ఆర్డరట. ముందు బండి ఆయన స్నేహితుడిది. చెయ్యి బయటపెట్టి తలుపు మీద దరువేస్తూ తోలేవాడట. ఒక పొద్దున ఆ బండి కింద దారి పేలిపోయింది. బావ బండికి అద్దాలు పగిలాయి, అంతే.

“దగ్గరుంటే ఇద్దరం పోయేవాళ్లంరా. దూరంగా ఉండబట్టే దిగి పరిగెత్తడానికి ఒకడు మిగిలాడు. రేపు మీ అక్కకీ పిల్లకీ ఏదన్నా అయితే, పరిగెత్తడానికి నేను మిగలొద్దూ?”

మన వీధిలో బాంబులెక్కడివి బావా అందామనుకున్నాను. ఆ మాట అక్కడే వదిలేసి ఇంటికి నడిచాను.

అక్కకు ఉన్నదున్నట్టు, ఒక్క చక్రం కూడా కలపకుండా చెప్పాను. విని ఒకటే అడిగింది, ఆ దూరం చూసుకోవలసింది ముందు బండా, వెనక బండా అని. వెనక బండేనన్నాను.

మర్నాడు సాయంత్రం చెప్పులు వేసుకుని నిలబడింది.

“ఈసారి ముందు మీరు నడవండి. దూరం నా పూచీ.”

తన రూలే గనక ఆయన కాదనలేకపోయాడు. మొదటి రోజు అక్క లెక్కగా యాభై అడుగులు వదిలింది. ఆయన అద్దంలో చూసుకున్నట్టు మాటిమాటికీ వెనక్కి చూస్తూ నడిచి దర్జీ స్టూలును తన్నుకున్నాడు. తర్వాత అక్క వారానికి రెండడుగుల చొప్పున తగ్గిస్తూ వచ్చింది. ఇరవై దగ్గర ఆయన చొక్కా చెమటతో వీపుకంటుకుపోయింది, సగం దారిలోంచే ఇంటికి తిరిగొచ్చేశాడు. అక్క పల్లెత్తు మాట అనలేదు. మర్నాడు ముప్ఫైకి పోయి మళ్లీ మొదలుపెట్టింది. ఎండలు పోయి, వానలు పోయి, చలి వచ్చింది.

ఒక సాయంత్రం నేను సైకిల్ షాపు ముందు కూర్చుని ఉండగా, అక్క పిల్లతో సహా ఆయన భుజం దగ్గరికి వచ్చేసింది. బావ ఆగిపోయాడు.

“దూరం పాటించాలి,” అన్నాడు తల తిప్పకుండా.

“బ్రేకులు పట్టడం లేదండీ,” అంది అక్క.

బావ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడనే అనుకున్నాను, మొహం చూశాక గానీ తెలియలేదు. అక్క చెయ్యి వెతికి పట్టుకున్నాడు. మధ్యలో దూరడానికి సందు లేక పిల్ల, కాస్త జరుగు నాన్నా అని విసుక్కుంది.

ఆయన జరగలేదు.