నాకంటే ముందు తెలిసినవాళ్లు

మా చెల్లెలు కుప్పంలో కాపురం పెట్టిన కొన్నాళ్లకే వీడియోలు తీయడం మొదలుపెట్టింది. వాకిలి చిమ్మి ముగ్గు వేయడం, సంగటి కెలకడం, మొగుడికి క్యారియర్ సర్దడం, అన్నీ వీడియోలే. మొదట్లో ఇంట్లో అందరం నవ్వుకున్నాం. తర్వాత అందరం చూడటం మొదలుపెట్టాం. నేను మదనపల్లెలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తాను. మా ఆయన టమోటా యార్డులో ఒక మండీలో పనిచేస్తాడు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో అన్నం తింటూ దాని వీడియో పెట్టుకుంటే చెల్లెల్ని చూసినట్టే ఉండేది. ఫోన్ చేసి పలకరించే పని కూడా తప్పేది.

పెళ్లయిన చాలా ఏళ్లకు నేను నీళ్లోసుకున్నాను. పుంగనూరులో మా అమ్మ సీమంతం చేసింది. చెల్లెలు ముందురోజే వచ్చి హాల్లో ఫోన్ స్టాండు నిలబెట్టింది.

"అక్కా, ఇట్లా తిరుగు. గాజులు కనపడేటట్టు సెయ్యి పైకెత్తు. నవ్వక్కా!"

ఎత్తాను, నవ్వాను. నిజంగానే సంతోషంగా ఉన్నాను కాబట్టి ఆ నవ్వులో నటన లేదు. ఆ వీడియోను వేలమంది చూశారు. "అక్క ముఖంలో కళ చూడండి" అని ముక్కూ ముఖం తెలియనివాళ్లు రాసింది మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఆ రోజుల్లో నా ఫోన్ తెరిస్తే చాలు, ఊయలలు, ఊలు టోపీలు, పిల్లల పేర్లు. మగపిల్లాడికొక పేరు, ఆడపిల్లకొక పేరు ఎంచి పెట్టుకున్నాను.

ఎనిమిదో నెల చివర్లో కడుపులో కదలిక ఆగిపోయింది. మదనపల్లెలోనే ఆసుపత్రికి వెళ్లాం. స్కాన్ చేస్తున్న డాక్టరమ్మ నాతో మాట్లాడటం మానేసి మా ఆయన్ను లోపలికి పిలిపించింది. నాకు అప్పుడే అర్థమైంది. మత్తిచ్చి కాన్పు చేశారు. మెలకువ వచ్చాక మా ఆయన చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాను.

"మగబిడ్డో ఆడబిడ్డో నాకు సెప్పొద్దు. ఎవురూ సెప్పొద్దు."

తెలిస్తే ఎంచి పెట్టుకున్న ఆ రెండు పేర్లలో ఒకటి ఆ బిడ్డదైపోతుంది. పేరున్న బిడ్డను పోగొట్టుకోవడం నావల్ల కాదనిపించింది. ఆయన సరేనని తలూపాడు. సోమల దగ్గర వాళ్ల చేలో తనే పూడ్చి వచ్చాడు. మా అమ్మ, అత్త, నర్సులు, అందరూ ఆ మాట కాపాడారు.

కబురు తెలియగానే, కాన్పు కాకముందే, చెల్లెలు కుప్పం నుంచి పరిగెత్తుకొచ్చింది. నా కాళ్లు ఒత్తింది, జడ వేసింది, గంజి తాపింది. పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కడతారు. పూలు కొనుక్కొచ్చి, మెత్తటి గుడ్డలో పెట్టి, తలుపు గడియ వేసి తనే కట్టింది. కట్టేటప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఆ ప్రేమ అబద్ధమని నేనెప్పుడూ అనలేదు, అనను కూడా. నిజం కావడమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

తర్వాత పుంగనూరులో అమ్మ ఇంటికి వెళ్లాను. ఒక మధ్యాహ్నం అమ్మ పిండిమరకు పోయింది. పొద్దు పోక ఫోన్ తీశాను. జరిగింది ఫోన్‌కు తెలియదు కదా, ఇంకా ఊయలలే చూపిస్తోంది. బొటనవేలితో ఒక్కొక్కదాన్నీ పైకి నెట్టేస్తూ పోయాను. అలా పోతుంటే నా ముఖం వచ్చింది. ఆసుపత్రి మంచం మీద కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్న ముఖం. దాని మీద ఎర్రటి అక్షరాలు: "మా అక్కకు ఇలా జరిగిందేంటి దేవుడా!"

ముందు ఒక సబ్బు ప్రకటన వచ్చింది. అది అయిపోయేదాకా కాచుకున్నాను. తర్వాత ఆసుపత్రి వరండాలో నిలబడి చెల్లెలు చెబుతోంది. స్కాన్ గురించి చెప్పింది. పాలు పడ్డాయని, మల్లెపూలు కట్టామని చెప్పింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఆడపిల్లండీ. బంగారు బొమ్మలాగా ఉండాది" అంది.

నా బిడ్డ ఆడపిల్ల అని నాకు అలా తెలిసింది. అప్పటికే వేలమందికి తెలుసు. కింద వాళ్లు రాసిన మాటలున్నాయి. ఏడుపు బొమ్మలు పెట్టినవాళ్లు కొందరు. సీమంతంనాడు దిష్టి తీసి ఉండరని ఒకామె. ఇదంతా నటన అని ఒకడు. ఆ నైటీ ఎక్కడ కొన్నారని ఇంకొకామె.

వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాను.

"యాల పెట్టినావు అది? ఎందుకు పెట్టినావు?"

"ఏడుపు ఆపుకోలేకపోయినాక్కా. డెలివరీ అయిందా, ఎవురు పుట్నారు అని అందురూ అడగతాండారు. ఏం సెప్పల్ల నేను?"

"ఏమీ సెప్పకుండా ఉండల్ల."

చెల్లెలు మెల్లగా అంది, "సీమంతం తీసినప్పుడు నవ్వతానే ఉంటివి కదక్కా. అప్పుడు వద్దనలేదే?"

దానికి జవాబు ఇప్పుడైతే చెప్పగలను. గాజులు చూపించడానికి ఒప్పుకున్నదాన్ని మల్లెపూలు చూపించడానికి ఒప్పుకోలేదని. ఆ పూట మాత్రం ఫోన్ పెట్టేశాను.

మా అమ్మ చెల్లెలి వైపే మాట్లాడింది. "నీ మీద ప్రేమతో సేసిందమ్మా. దీనికి గలాటా సెయ్యొద్దు" అంది. కొన్నాళ్లకు చెల్లెలు ఆ వీడియో తీసేసింది. అప్పటికే ఎవరెవరో ముక్కలు కత్తిరించుకుని తమ పేజీల్లో పెట్టుకున్నారు. వాటిని తీయించడం ఎవరి తరం కాలేదు.

మదనపల్లెకు తిరిగి వచ్చాక మా ఆయనకు చెప్పాల్సి వచ్చింది. "నాకు తెలిసిపోయింది. పాప అంట కదా" అన్నాను. తింటున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎవురు సెప్పినారు?"

ఫోన్ చూపించాను. చివరిదాకా చూశాడు. చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని మండీకి వెళ్లిపోయాడు. ఈ రోజుదాకా మా చెల్లెలితో మాట్లాడలేదు.

మళ్లీ బడికి వెళ్లిన రోజు గేటు దగ్గర ఒక పిల్లాడి తల్లి నా చేతులు పట్టుకుంది. "మేడం, మీ వీడియో సూసినా. అన్నం తినబుద్ధి కాల్యా." మంచి మనసుతోనే అంది. "థాంక్సమ్మా" అన్నాను. ఇంకేమనాలి?

మేం అద్దెకుండే ఇంటి యజమానురాలు ఒక ముసలి సాయిబులామె. నేను తిరిగొచ్చిన రోజు గిన్నెలో సేమియా తెచ్చిచ్చి, ఒక్క మాటా అడగకుండా వెళ్లిపోయింది. ఆమెకేమీ తెలియదనుకున్నాను. చాలా నెలల తర్వాత ఆమె కోడలు నోరు జారి, మొదటిరోజే ఇంట్లో అందరం చూశామంది. నేను ముసలామె వైపు చూశాను. "సూసినాం బేటీ. సెప్పింది నువ్వు కాదు గదా, ఎట్లా అడగతాం?" అంది. అంతమందిలో నాతో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే.

నేనేమీ మారిపోయి బుద్ధిమంతురాలిని కాలేదు. చాలాకాలం ఏడ్చేవాళ్ల వీడియోలే వెతుక్కుని చూశాను. ఒక మధ్యాహ్నం పెరుగన్నంలో మామిడికాయ ఊరగాయ నంజుకుంటూ, ఎవరో అమ్మాయి తన తల్లి చావు గురించి చెబుతుంటే వింటున్నాను. ఆమె మాటల మధ్యలో నేను ఊరగాయ బద్ద చీకుతున్నాను. నా బిడ్డ చావు కబురూ జనం ఇలాగే తింటూ చూసి ఉంటారు. ఆ యాప్ తీసేశాను. స్టాఫ్ రూములో "ఇది సూడండి మేడం" అని ఎవరైనా ఫోన్ చాపితే, అందులో కనిపించే మనిషిని అడిగే తీశారా అని అడుగుతాను. నాకు చూపించడం మానేశారు. నాకు పొగరు అనుకుంటున్నారని తెలుసు.

తర్వాతి ఏడు చెల్లెలు ఫోన్ చేసి, ఒకసారి కుప్పం రమ్మంది. బస్సెక్కి పోయాను. తలుపు తీయగానే తెలిసింది, ఏడో నెల. అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదట. నెలలుగా వీడియోల్లో పొయ్యి, చేతులు మాత్రమే చూపిస్తోందట.

"నువ్వు గూడా ఎవురికీ సెప్పొద్దక్కా" అంది చిక్కుడుకాయలు తుంచుతూ. "అంతమంది కండ్లు పడితే బిడ్డకు మంచిదా? బయటపడిందాకా ఒక్కరికీ తెలీకూడదు."

తల ఎత్తుతుందేమో, తానన్నది తనకు వినబడుతుందేమో అని దాని ముఖం వైపే చూశాను. చిక్కుడుకాయలు అయిపోయాయి. లేచి గిన్నె కడుక్కొచ్చింది.

"అవును, తెలీకూడదు" అన్నాను. అన్నం తిని సాయంత్రం బస్సుకు వచ్చేశాను. ఇంటికి చేరేదాకా ఒళ్లు మండుతూనే ఉంది. ఏది దాచుకోవాలో దానికి మొదటినుంచీ తెలుసు.

మగపిల్లాడు పుట్టాడు. మూడో నెల నిండాక వీడియో పెట్టిందని, ముఖం కనిపించకుండా పిల్లాడి మీద ఒక గుండె బొమ్మ అతికించిందని అమ్మ మురిపెంగా చెప్పింది. నేను పోయి ఎత్తుకున్నాను. వాడి మీద నాకు కోపం లేదు. వాడి మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను, అందరూ చూసినట్టే.

చెల్లెలు ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తుంది. వానల గురించి, కూరల గురించి మాట్లాడతాను. పోయిన నెల, "నువ్వు ఎందుకో దూరం అయిపోతాండావక్కా" అంది. పరీక్షలు దగ్గరపడ్డాయి, పేపర్లు దిద్దే పని ఎక్కువగా ఉందన్నాను. నమ్మింది.