ముందుగా తగిలే పళ్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది తిరువూరులోని ఒక ప్రైవేటు దంత వైద్యశాలలో విజిటింగ్ కన్సల్టెంటుగా చేరాను. ప్రతి మంగళవారం విజయవాడ నుంచి బస్సులో వెళ్లేదాన్ని. ఇంప్లాంట్లు నా విభాగం. ఇంప్లాంటు అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. కొన్ని నెలలకు అది ఎముకతో కలిసిపోయాక, దాని మీద పంటి ఆకారంలో తొడుగు అమరుస్తాం.

పెనుగొలను నుంచి వచ్చే ప్రకాశరావుగారికి కింది దవడలో కుడివైపు రెండు పళ్లు అలా పెట్టాను. ఆయన మామిడికాయల మార్కెట్లో వేలం నడిపే మనిషి. తొడుగులు అమర్చిన రోజు పళ్ల మధ్య నీలి కాగితం పెట్టి కొరికించాను. అన్ని పళ్ల మీదా గుర్తులు సమానంగా పడ్డాయి. పని బాగా కుదిరిందనుకున్నాను.

మూడు వారాలకు తిరిగి వచ్చారు. నోరు రెండు వేళ్ల మందానికి మించి తెరుచుకోవడం లేదు. చెవి ముందున్న దవడ కీలు మీద వేలు పెట్టి నోరు తెరిపిస్తే టక్కుమంటోంది. చెవిపోటనుకుని చూపించుకుంటే, చెవి డాక్టరు చెవిలో ఏమీ లేదన్నారట.

"మీరు పెట్టిన పళ్లు ముందు తగులుతున్నాయండి. మిగతావి వెనకాల వస్తున్నాయి," అన్నారు.

మళ్లీ కాగితం పెట్టి చూశాను. గుర్తులు సమానమే. కొత్త పళ్లు, అలవాటు కావాలని చెప్పి మాత్రలు రాసి పంపేశాను.

తర్వాతి మంగళవారం ఆయన మెల్లగా అన్నారు: "మార్కెట్టులో కాయ దిగిందండి. నా బదులు ఇంకొకర్ని నిలబెట్టారు. నోరు తెరవలేనోడు వేలం ఏం వేస్తాడండీ?"

ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు మరీ కష్టంగా తోచింది.

ఆ రోజు ఆయన్ని పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, శక్తికొద్దీ కొరకమన్నాను. ఈసారి ఇంప్లాంటు పళ్ల మీద ముదురు మచ్చలు పడ్డాయి, మిగతావాటి మీద వెలిసిపోయినవి. సహజమైన పంటి వేరు చుట్టూ మెత్తని నారపొర ఉంటుంది. గట్టిగా కొరికితే పన్ను వెంట్రుకవాసి లోపలికి దిగుతుంది. ఇంప్లాంటు దిగదు, బరువంతా దాని మీదే పడుతుంది. ఆ తాకిడి తప్పించుకోవడానికి ఆయన దవడ ప్రతిసారీ పక్కకు జరిగి మూసుకుంటోంది. అలా జరిగీ జరిగీ కండరాలు బిగుసుకుపోయాయి, కీలు నొప్పి పట్టింది.

ఇదంతా నేను చదివిందే, జూనియర్లకు చెప్పిందే. అయినా ఆ కొలత తలచుకుంటే ఒళ్లు జలదరించింది. వేళ్ల మధ్య పెట్టి నలిపినా తెలియనంత మందం అది. మనిషి ప్రమేయం లేకుండానే దవడ దాన్ని కనిపెట్టి, తనకు తానే వేరే దారి వెతుక్కుంది.

ఇంప్లాంటు తొడుగుల్ని కొద్దికొద్దిగా అరగదీస్తూ కొరికిస్తూ పోయాను. ఒకసారి ఆయన కొరికి, అలాగే ఆగిపోయారు.

"ఇప్పుడు అన్నీ ఒక్కసారే వచ్చాయండి."

కాగితం పెట్టి చూశాను. నిజమే. నాకంటే ముందే ఆయనకు తెలిసింది.

కండరాలు సడలడానికి కాపడాలు, మెత్తని తిండి, వ్యాయామం సూచించాను. టక్కుమనే శబ్దం పూర్తిగా పోలేదు కానీ నోరు మూడు వేళ్లకు తెరుచుకుంది. సీజను చివర్లో ఒక మంగళవారం బస్సు దిగి మార్కెట్టుకు వెళ్లాను. కాయల గుట్టల మధ్య నిలబడి ఆయన కేకలు వేస్తున్నారు. నేను రేట్లు వినలేదు. వంకర లేకుండా తెరుచుకుని మూసుకుంటున్న ఆ దవడనే చూస్తూ ఉండిపోయాను.

అప్పటినుంచి మెల్లగా కొరికినప్పుడు ఇంప్లాంటు పన్ను లేశమాత్రం ఎడంగా ఉండి, బలంగా కొరికితేనే అందేటట్టు సరిచేసేదాన్ని. పన్ను ముందు తగులుతోందని రోగి అంటే, కాగితం మీద ఏ గుర్తు పడినా, తగులుతోందనే కేసు షీటులో రాసేదాన్ని.