ఎస్తేరు మేడమ్ రాసిన జాబితా

నిన్న మా ఆఫీసులో పాత కంప్యూటర్ ఒకదాని మూత విప్పారు. లోపలి నుంచి వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. తిరుపతిలో నా కుర్చీలో కూర్చున్నదాన్ని, ఉన్నట్టుండి బంగారుపాళ్యం దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లిపోయాను. అక్కడి కంప్యూటర్లలోనూ ఇదే వాసన. సీజన్‌లో దానికి మగ్గిన పండ్ల తీపి తోడయ్యేది. ఆ వెంటనే ఎస్తేరు మేడమ్ గుర్తొచ్చారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. కంప్యూటర్ కోర్సు ముగించి అక్కడ నా మొదటి ఉద్యోగంలో చేరాను. కంప్యూటర్ విభాగమంటే మేమిద్దరమే. మేడమ్ చిత్తూరు మనిషి. టైపిస్టుగా చేరి, నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకుని, ఆ విభాగానికి పెద్ద అయ్యారు. తెలియనిది అడగడానికి ఆమెకు సిగ్గు లేదు. "నాకు ఇది రాదు పాపా, సూపించు" అంటూ కుర్చీ నా పక్కకు జరుపుకునేవారు. నేనేమో తెలియదన్న మాట నోట రానిచ్చేదాన్ని కాదు. ఎవరు ఏ ప్రోగ్రాం అడిగినా, స్నేహితుల దగ్గర కాపీ సీడీలు తెచ్చి వేసేసేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు. తప్పని తెలుసు. లోకమంతా చేసేదే కదా అనుకున్నాను.

ఒక వేసవిలో, మా గుజ్జు కొనే విదేశీ కంపెనీ తనిఖీకి మనుషుల్ని పంపుతోందని కబురొచ్చింది. దొంగ కాపీలు వాడే ఫ్యాక్టరీల దగ్గర వాళ్లు సరుకు కొనరట. ఏ కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో, లైసెన్సు ఉందో లేదో, ఎవరు వేశారో ముందే జాబితా ఇవ్వాలన్నారు. నోటు పుస్తకం పట్టుకుని మేమిద్దరం గది గదికీ తిరిగాం. నేను తెర మీద చూసి చదువుతుంటే మేడమ్ రాసుకునేవారు. లైసెన్సు గడిలో 'లేదు' అన్న మాటే ఒకదాని కింద ఒకటి పేరుకుంటూ పోయింది. గుజ్జు పరీక్షించే ల్యాబులో ఆమె పెన్ను ఆగింది.

"ఇది ఎవరు వేసినారు పాపా?"

"తెలీదు మేడమ్. నేను రాకముందే వేసినారేమో."

వేసిన తేదీ తెర మీదే ఉంది. అది నేను చేరిన తర్వాతి తేదీ. ఆమె తెర వైపు, నా వైపు చూసి, 'ఎవరు వేశారు' అన్న గడి ఖాళీగా వదిలి పక్క కంప్యూటర్ దగ్గరికి నడిచారు. ఆ తర్వాత వాటికీ ఆ గడి అలాగే వదిలేశారు.

మర్నాడు మేనేజర్ జాబితా చూసి ముఖం చిట్లించారు. "ఏందమ్మా ఇది? లైసెన్సు లేని మిషన్లన్నీ గోడౌన్లో పెట్టించు. వాళ్లు పోయినాక తెచ్చుకుందాం."

"దాచేది నాకు చేతకాదు సార్. అవి తీసేసి లైసెన్సువి తెప్పించాల. అంతవరకు ఉండేది ఉండేట్టే రాస్తాను."

"అట్లయితే ఎవరు వేసినారో కూడా రాయి. ఖాళీ ఎందుకు?"

నేను మేడమ్ పక్కనే ఉన్నాను. మేడమ్ ఖాళీ గడులన్నిటిలో 'కంప్యూటర్ విభాగం, బాధ్యురాలు ఎస్తేరు' అని రాసి, కింద సంతకం పెట్టారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

తనిఖీకి వచ్చినవాళ్లు సరిచేసుకోవడానికి గడువిచ్చి వెళ్లారు. ఆర్డరు చేజారలేదు. మేనేజర్ మాత్రం మేడమ్‌ను మామిడి లారీలు తూచే కాటా గదికి మార్చారు. ఆమె కుర్చీ నాకిచ్చారు. తొమ్మిది రోజులు అందులో కూర్చున్నాను. పదో రోజు భోజనం వేళ కాటా గదికి వెళ్లాను. లారీల మోతలో ఆమె ఒక్కరే టిఫిన్ డబ్బా తెరుస్తున్నారు.

"అవి వేసింది నేనే మేడమ్."

"తెలుసు పాపా. తేదీ సూసినా కదా."

"మరి మేనేజర్‌కు ఎందుకు చెప్పలేదు?"

"సీడీలు యాడ నుంచి తెస్తా ఉండావని ఒక్కనాడన్నా నిన్ను అడగలేదు. అది నా తప్పు, నేను ఒప్పుకున్నాను. నీ తప్పు నువ్వే పోయి చెప్పుకోవాల. ముందు అన్నం తిను."

ఆ మధ్యాహ్నమే మేనేజర్‌కు చెప్పాను. "అయిపోయింది కదమ్మా, మళ్లీ ఎందుకు?" అని ఆయన ఫైలు తిరగేసుకున్నారు. మేడమ్ మాత్రం తిరిగి రాలేదు. కాటా గది నుంచే రిటైరయ్యారు. ఇప్పుడు ఆమె లేరు.

ఇవాళ నా ఉద్యోగం కూడా కంపెనీలకు వెళ్లి అలాంటి జాబితాలు రాయడమే. ఎవరైనా తడబడుతూ "తెలీదు" అంటే గద్దించను. నేను ఒకప్పుడు చేసిన పని ముందు చెబుతాను. చాలామంది ఆ తర్వాత నోరు విప్పుతారు. నన్ను మంచి మనిషి అంటారు. పదో రోజు వెళ్లి నిజం చెప్పిన మాట వాస్తవమే. అంతకుముందు తొమ్మిది రోజులు ఆమె కుర్చీలో నోరు మెదపకుండా కూర్చున్నదీ నేనే.