నాలుగు ముక్కలైన చీర

పనివాళ్ళకు సంతృప్తి దేనివల్ల కలుగుతుందన్న విషయంపై గత నెల ఆదోనిలో మా విశ్రాంత ఉద్యోగుల సభలో ఒక యువ వక్త ప్రసంగించి, జీతం, బోనసు, ఫ్యాను గాలి, వేళకు టీ అని ముగించినప్పుడు చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను; ఇంటికి వచ్చాక సిగ్గుపడ్డాను. నాకు తెలిసినది వేరు. అది నెత్తురు చూసి నేర్చుకొన్నది. దానిని చెప్పకుండా పోవడం ధర్మం కాదు గనుక వ్రాస్తున్నాను.

డెబ్బైలలో, బి.కాం. పట్టా చేతికి వచ్చిన మరుసటి ఏడాది, ఎమ్మిగనూరులో ఒక బట్టల వ్యాపారి మగ్గాల షెడ్డులో పర్యవేక్షకుడిగా చేరాను. లోపమున్న చీరను నేసినవాని ఎదుటనే, అందరూ చూస్తుండగా చింపి పడవేయడం అక్కడి ఆనవాయితీ. భయమే పనికి మూలమని నమ్మినవాడిని కాబట్టి నేను దానిని మరింత శ్రద్ధగా పాటించాను. పర్రుమని బట్ట చినిగే చప్పుడుకు ముప్పై మగ్గాలూ ఆగిపోవడం నాకు మర్యాదగా తోచేది.

ఒక ఉదయం, అందరికన్నా పెద్దవాడైన నేతగాడు తెచ్చిన చీరలో బెత్తెడు మేర రంగు వెలిసినట్టు కనిపించింది. చింపాను.

“తప్పు యాడుందో ముందు సూపిచ్చప్పా. పన్నెండు దినాలు దానిమీదే కూసుంటి,” అన్నాడాయన.

నియమం నియమమే అన్నాను.

“ఆ నియమాన్ని మగ్గం గుంతలోకి దిగి మూరెడు నెయ్యమను, సూద్దాం!” అని ఆయన బావమరిది తన మగ్గం నుంచే అరిచాడు. షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు నా తలకెక్కి, రెండు ముక్కలను నాలుగు చేశాను.

పేకపోగును అటూ ఇటూ నడిపే నాడె ఆయన చేతిలోనే ఉంది; దాని ఇనుప మొన నా కనుబొమను చీల్చింది. నెత్తురు కంట్లోకి దిగుతుండగానే యజమాని కావలివాళ్ళిద్దరు కర్రలతో వచ్చిపడ్డారు. అడ్డుపడిన బావమరిది మూతి పగిలి పళ్ళు రాలాయి. నేలమీద పడిన పెద్దాయన కుడి మణికట్టుపై దెబ్బమీద దెబ్బ వేశారు. ఎముక విరగడం విన్నాను. ఆపమని నేను అనలేదు.

కుట్లు వేయించుకొని వచ్చి, యజమాని ఆయనపై పెట్టబోయే పోలీసు కేసుకు సాక్ష్యం కావాలని ఆ చీర ముక్కలనూ ఆయన మగ్గం దగ్గర మిగిలిన నూలు కండెలనూ బల్లమీద పేర్చితే, నూలులోనే రెండు ఛాయలు బయటపడ్డాయి. వేర్వేరు అద్దకాల నూలును ఒకే కట్టగా ఆయనకు ఇచ్చినవాడిని నేనే.

యజమానిని బతిమాలి కేసు మాన్పించి, ఆయన ఇంటికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. వెదురుబద్దల కట్టుతో గోడకు ఆనుకొన్న ఆయన నా వంక చూడలేదు.

“ఈడొచ్చి నా సెవిలో సెప్తే ఏమొస్తుంది? సింపింది ఆడ గదా. ఆడ సెప్పుపో.”

మరునాడు మగ్గాలు ఆపించి, అందరి ఎదుట చెప్పాను. వాచిన మూతితో బావమరిది మగ్గం దగ్గరి నుంచి లేచి, “ఇంగ సింపొద్దప్పా. సూపిచ్చు. మా తప్పయితే మేమే పోగులు ఇప్పుకుంటాం,” అన్నాడు. అటుపై, ఎనభైలలో షెడ్డు మూతపడేవరకూ, లోపం కనబడితే నేసినవారిని పిలిచి చూపడమే నా పని. ఎక్కడ చెయ్యి తప్పిందో వారే చెప్పి, నేను అడగకముందే పోగులు విప్పుకొనేవారు. పెద్దాయన మాత్రం మళ్ళీ మగ్గంలో కూర్చోలేదు. మణికట్టు వంకరగా అతికింది.

తాను చేసినదాన్ని చింపితే మీదికి దూకే మనిషి ఇప్పుడు ఏ కార్యాలయంలోనూ కనబడడు. అందుకు సంతోషించాలో, దుఃఖించాలో తెలియకుండానే ఈ వయసుకు వచ్చాను.

ఆనాటివారు ఎవరైనా ఇది చదివితే నా పొరపాట్లు దిద్దవలసిందిగా ప్రార్థన. ఆయనకు విరిగినది కుడిచెయ్యి కాదని, ఎడమదని ఎవరైనా వ్రాస్తే, అది నిజం కాదని తెలిసి కూడా ఆ ఉత్తరాన్ని దాచుకొంటాను.