నిమ్మచెట్టు తరఫున ఇచ్చిన మాట

మొన్న నందిగామలో మా పెరటి నిమ్మచెట్టుకి ఎండుపుల్లలు కత్తిరిస్తుంటే, చేతికంటిన ఆకు వాసనకి ఓ పాత భయం గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్ళు. జగ్గయ్యపేటలో మా నాయనమ్మ చలి తగ్గుముఖం పట్టగానే పెరటి పని మొదలుపెట్టేది. ఆ రోజు నిమ్మచెట్టుకి పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి, ఉన్నట్టుండి గొడ్డలి తీసుకొచ్చింది.

"మూడేళ్ళనుంచి ఒక్క కాయ లేదు. నరికేస్తా దీన్ని!" అని అరుస్తూ చెట్టు మొదలు మీద ఒక దెబ్బ వేసింది. తర్వాత నావైపు తిరిగి మెల్లగా, "వద్దు, ఈ ఏడు కాస్తుంది, హామీ నాది అనవే" అంది.

కాయని చెట్టుని అలా బెదిరించడం, పక్కనొకరు అడ్డుపడటం ఆనవాయితీ అని నాకేం తెలుసు? నిజంగానే నరికేస్తుందనుకుని, చెప్పినట్టే అన్నా.

గొడ్డలి మళ్ళీ వంటింటి తలుపు వెనక్కి చేరింది. చెట్టు కాయకపోతే అది నా మెడ మీదికే వస్తుందనుకున్నా. రోజూ బడికెళ్ళే ముందు కొమ్మకొమ్మా వెతికి, "కాయవే, నీకు దణ్ణం పెడతా" అని బతిమాలేదాన్ని. నాయనమ్మ పిలిస్తే జడ మెడకి చుట్టుకుని వెళ్ళేదాన్ని. మొగ్గలొచ్చినా ఎవరికీ చెప్పలేదు. రాలిపోతే?

ఎండలు ముదిరాక నాయనమ్మ మొదటి కాయ కోసి నా చేతిలో పెట్టింది. "నీ మాట నిలబెట్టిందే" అంది. అప్పటిగ్గానీ సరిగ్గా ఊపిరి పీల్చుకోలేదు నేను.

మొన్న మా అమ్మాయి పక్కనే నిలబడి, "ఇది కాసేలా లేదమ్మా, కొట్టించేద్దాం" అంది.

"వద్దు, ఈ ఏడు కాస్తుంది" అనేశా.

అన్నాక, మెడ తడుముకున్నా.