ఎర్రంచు తువ్వాల కూర్చున్న సీటు

అరవై తొమ్మిదిలో ఉద్యమం నడుస్తున్నప్పుడు మా బడి మూశారు. తర్వాత తెరిచారు. పంతుళ్లు వెళ్లారు, పిల్లలు వెళ్లారు, నేనొక్కణ్ణే ఇప్పటిదాకా సమ్మె విరమించలేదు. కాబట్టి నేను చదివిందల్లా బస్సుల్లోనే. "పొగ త్రాగరాదు" నాకు కంఠతా వచ్చు. ఎదుటివాడి మొహం చూడడం ఇష్టం లేని ప్రతివాడూ చదివేది ఆ ముక్కనే.

డెబ్బైల చివర ఒక ఎండాకాలం. మహబూబాబాద్‌లో సైకిల్ షాపు పెట్టుకుని ఉన్నాను. సామాను కోసం జనగామ వచ్చి, అట్నుంచి జఫర్‌గఢ్‌లో మా చెల్లెలింటికి బయలుదేరాను. మా వైపు బస్సులో సీటు పట్టేది మనిషి కాదు, తువ్వాల. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి విసిరితే ఆ సీటు మనదే. నేనూ అలాగే పట్టాను. నా ముందు సీటులో ఇంకో తువ్వాల ఉంది. తెల్లటిది, బెత్తెడు ఎర్రంచు.

బస్సు నిండాక ఒకామె ఎక్కింది. నెలలు నిండిన మనిషి. చేతిలో దవాఖాన చీటీ, మందు సీసా. సరిగ్గా ఆ ఖాళీ సీటు పక్కనే కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సు కదిలింది, తువ్వాల మనిషి రాలేదు. అది దారిలోని ఒక ఊరి దొరదనీ, ఆయన తెలిసినవాళ్ల జీపెక్కి ముందే పోయాడనీ నా పక్కనాయన చెవిలో చెప్పాడు. అంటే దొర జీపులో, తువ్వాల సీటులో, కడుపుతో ఉన్న మనిషి కాళ్ల మీద.

ఒక్కడూ ఆమె మొహం చూడలేదు. తక్కినవన్నీ చూశారు. ఆమె పాదాల వాపు చూసి ఒకాయన కిటికీ రబ్బరు గోటితో గీకడం మొదలుపెట్టాడు. తెల్లచొక్కాయన చేతిగడియారానికి కీ ఇచ్చి, ఇచ్చిందే మళ్లీ ఇచ్చాడు. కండక్టరు టికెట్టు చింపి ఆమె చేతికిస్తూ కూడా టికెట్టునే చూశాడు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆమె ఒక చేయి కడుపు కింద పెట్టుకునేది. అదీ అందరికీ కనబడింది. ఎర్రంచు మరీ బాగా కనబడింది.

నాకు ఒళ్లు మండింది. "అన్నా, నాకు జఫర్‌గఢ్‌కు కొట్టినవు, మరి గీ తువ్వాలకు టికెట్ కొట్టినవా? లేకుంటే దించెయ్యి" అన్నాను కండక్టరుతో. మామూలుగా నా మాటలకు బస్సంతా నవ్వుతుంది. ఆ రోజు బస్సంతా కిటికీల బయటికి తిరిగింది. తనను పరేషాన్ చెయ్యొద్దని గొణిగి కండక్టరు వెనక్కి జారుకున్నాడు.

తువ్వాల తీసి నా భుజాన వేసుకుని ఆమెను కూర్చోమన్నాను. తల అడ్డంగా ఊపింది. రెండోసారి చెప్పినా అంతే. చివరికి లేచి నా సీటు చూపిస్తే, అందులో మాత్రం వెంటనే కూర్చుంది. నేను దొర సీటులో కూలబడి దారి పొడుగునా అందరినీ కడిగేశాను. గుడ్డకున్న మర్యాద మనిషికి లేదా అన్నాను. మీసాలున్నాయి కదా, అవన్నా తీసి ఆ కిటికీలకు కట్టండి అన్నాను. ఇప్పుడు వాళ్లు నా మొహం కూడా చూడడం మానేశారు. నా భుజం మీది అంచునే చూశారు.

దొర ఊరొచ్చింది. ఆమె లేచి నా వైపు చేయి చాపింది. ఆసరా కోసమేమో అనుకున్నాను. నా భుజం మీది తువ్వాల లాగి, దులిపి, పాత మడతల మీదే మడిచి చంకలో పెట్టుకుంది.

"నువ్వన్న ఆ దొర సీటుల కూసోవద్దా అక్కా? గింత భయపడితే ఎట్ల?" అన్నాను.

ఆమె మెట్టు మీద ఆగి, ఆ బస్సులో మొదటిసారి ఒక మనిషి కళ్లలోకి సూటిగా చూసింది.

"నువ్వు జఫర్‌గఢ్‌ల దిగిపోతవు తమ్మీ. దొర బట్టలు ఉతికేది నేను. నా సీటుల ఎవలు గూసున్నరని రేపు ఆయన అడిగితే ఏం జెప్పాలె, నీ జోకులా?"