మా యారాలి నాటుకోళ్లు

మా యారాలు చనిపోయిందని పాలమూరు దవాఖాన నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను కోళ్లగూడు ఊడుస్తున్నాను. ఫోన్ పెట్టేసి మిగతాది కూడా ఊడ్చాను. కళ్లలో నీళ్లు రాలేదు. ఆమె మా ఆయనకు వదిన, నాకు అక్క వరస. ఒకే పెరట్లో ఇన్నేళ్లు బతికాం గాని మా ఇద్దరికీ ఒక్కనాడూ పడలేదు. పోయింది కదా అని ఇప్పుడు దాన్ని మార్చి చెప్పను. చెబితే ముందు ఆమే ఒప్పుకోదు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు మా ఆయన బోరుబండి మీద నుంచి పడి మంచం పట్టాడు. ఆయనకు రోజూ గుడ్డు పెట్టాలి, మిగిలితే అమ్ముకోవచ్చని కోళ్లు పెంచుదామనుకున్నాను. కల్వకుర్తి దగ్గర ఒక కోళ్లఫారంలో గుడ్లు తగ్గాయని తీసేస్తున్న తెల్లకోళ్లను తెచ్చాను. ముక్కులు కత్తిరించిన కోళ్లు. నేల మీద దించితే దిక్కుతోచక నిలబడిపోయాయి. అప్పటికే గంపెడు నాటుకోళ్లున్న మా యారాలు గడప మీద కూర్చుని అంతా చూసింది.

“గవి కోళ్లేనా? నడువనే వస్తలేదు వాటికి. గుడ్లకు తెచ్చినవా, కూరకు తెచ్చినవా?” అంది.

గద్ద కొన్నింటిని ఎత్తుకుపోయింది. మిగిలినవి ఎండలకు రొప్పి రొప్పి చచ్చాయి. చచ్చిన కోడిని నేను బయటికి తీసుకుపోయినప్పుడల్లా ఆమె పని ఆపి మరీ చూసేది. ఒక్కసారి కూడా అయ్యో అనలేదు.

పంతం పట్టి, పశువుల డాక్టరును అడిగి, ఈసారి గ్రామప్రియ అనే జాతి కోడిపిల్లలను తెచ్చాను. పెరట్లో తిరిగి మేస్తాయి, నాటుకోడి కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ పొదగవు. ఆ ఒక్క లోపాన్ని ఆమె పట్టుకుంది.

“పెట్టుడే గాని పొదుగుడు తెల్వదు. తల్లి కాని కోడి ఏం కోడి?” అని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది.

నాకు పిల్లల్లేరు. ఆ మాట కోడిని అన్నదో, నన్ను అన్నదో నేను అడగలేదు.

ఊరుకోనూ లేదు. “నీ కోళ్లు పెట్టేది పిడికెడు గుడ్లు. వాటి మీద కూసునేది నెల. గీ సోకుకు మేపుడెందుకు?” అన్నాను. మర్నాడు ఆమె పెరటి మధ్య తుమ్మకంపతో కంచె వేసింది.

ఒక ఏడు ఊళ్లో కోళ్లకు కొక్కెర రోగం వచ్చింది. నావాటికి టీకా వేయించి, ఆ వేసే మనిషిని ఆమె వైపు కూడా పంపాను. “సూదులు పొడిసిన కోడి గుడ్డు మా ఇంట్ల తినం” అని తిప్పి పంపింది. కొన్నాళ్లకే ఆమె కోళ్లు మెడలు వంకర తిరిగి వరసగా పడిపోయాయి. ఒక్క నల్లపెట్ట మిగిలింది. “నీ కోళ్లే తెచ్చినయి రోగం” అంది. దానికి నేనన్న మాట ఇక్కడ రాసేది కాదు. ఆ తర్వాత మాటలు కూడా ఆగిపోయాయి.

చలికాలంలో ఆ నల్లపెట్ట పొదుగుకొచ్చింది. ఖాళీ గంపలో కూర్చుని లేవదు. ఒక పొద్దున ఆమె దాన్ని చంకలో పెట్టుకుని మా వైపు వచ్చింది. ముఖం పక్కకు తిప్పుకునే మాట్లాడింది.

“నీ గుడ్లియ్యి. దీన్ని కూసోవెడతా. పిల్లలల్ల సగం నావి.”

“నేనెందుకియ్యాలె?”

“నీ తాన పొదిగేది లేదు. నా తాన పుంజు లేదు. ఇంక ఎందుకని అడుగుతవేంది?”

ఇచ్చాను. పిల్లలు లేచాక పంపకం దగ్గర మళ్లీ కొట్లాట. మట్టిరంగు పిల్లలన్నీ తన గంప కిందికి తోసుకుంది. “తెల్లయి గద్దకు దూరంకెల్లే కానొస్తయి. గవి నీకే” అంది.

ఆ పిల్లల్లోని పుంజులకూ నల్లపెట్టకూ తర్వాత పుట్టినవి పెరిగి నావాటిలాగా గుడ్లు పెట్టాయి, ఆమెవాటిలాగా పొదిగాయి. ఏ జాతి అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. చిన్న పెరటికి ఇంతకంటే పనికొచ్చే కోళ్లను మాత్రం నేను చూడలేదు. ఆ మేలు ఆమెది. ఇష్టం ఉన్నా లేకున్నా చెప్పుకోవాలి.

ఆమె జబ్బుపడ్డాక దవాఖానకు చూడబోతే ముక్కుకు గొట్టంతోనే నన్ను దగ్గరికి పిలిచింది. “నా కోళ్లకు గింజలెయ్యి. ముందుగాల వాటికెయ్యి. నీవి తినంగ మిగిలినయి కాదు” అంది. నాతో ఆమె చివరి మాట అదే.

దినాలకు చుట్టాలొచ్చారు. ఆమె కొడుకు కత్తి పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. “చిన్నమ్మా, అమ్మ కోళ్లున్నయి గద, కోద్దాం” అన్నాడు. నేను గూటికి అడ్డం నిలబడ్డాను.

“ఒక్కదాని మీద చెయ్యేసినా మంచిగుండదు.”

“నీకు అమ్మంటేనే గిట్టదు గద.”

“గిట్టదు. అయితే?” అన్నాను.

వాడు కత్తి అరుగు మీద పెట్టి, మటన్ తేవడానికి బండి తీశాడు.

కంచె తీసేశాను. పొద్దుగూకితే నా కోళ్లు గూట్లోకి వస్తాయి, ఆమెవి వేపచెట్టు ఎక్కుతాయి. నిన్న వాన మొదలైతే జొన్నలు పట్టుకుని చెట్టు కింద నిలబడి పిలిచాను. అవి కొమ్మ మీద వరసగా తడుస్తూ, మెడలు వంచి నన్నే చూశాయి. ఒక్కటీ దిగలేదు.